కాన్పుకు ప్రిపేర్ అవ్వాల్సింది పక్కనున్నవాళ్లు

మా ఆఫీసులో ఒకతని భార్యకు నెలలు నిండాయి. మొన్న లిఫ్టు దగ్గర కనిపిస్తే "అంతా రెడీయేనా?" అని అడిగాను. "మా ఆవిడ అన్నీ చదివేసింది మేడమ్. యాప్‌లు, వీడియోలు, క్లాసులు, ఒకటేమిటి! నేను కార్లో పెట్రోలు చూసుకుంటే చాలు" అన్నాడు. బాధ్యత లేని మనిషేం కాదు. భార్యను ఒక్క చెకప్‌కి కూడా ఒంటరిగా పంపలేదు. సెలవు ముందే పెట్టుకున్నాడు, ఉయ్యాల కొని బిగించేశాడు. చదవడం మాత్రం ఆవిడ పని. ఆ పని ఆవిడ బాగానే చేస్తోంది కాబట్టి అతనికి నిశ్చింత.

ఈ లెక్క అతనొక్కడిదే కాదు. పుస్తకాలు గర్భిణులకు, సలహాలు గర్భిణులకు, క్లాసులు గర్భిణులకు. ఏ పేజీ తిప్పినా "మీరు" అంటే ఆమే. పక్కనున్నవాళ్లకు ఉండేది చివర్లో ఒక చిన్న బాక్సు: ఆమెను సంతోషంగా ఉంచండి, బరువులు ఎత్తనివ్వకండి. నాకు మాత్రం ఇదంతా తలకిందుల వ్యవహారంలా అనిపిస్తోంది. కాన్పు గురించి అందరికంటే బాగా తెలిసి ఉండాల్సింది కాన్పయ్యే మనిషికి కాదు. ఆ రోజూ, ఆ తర్వాత కనీసం ఆరు వారాలూ ఆమె పక్కన ఉండే మనిషికి. ఆమెకు తెలియక్కర్లేదని నేననడం లేదు. ఎంత తెలిసినా, సరిగ్గా అవసరం పడ్డ వేళకి అది ఆమెకు అక్కరకు రాకపోవచ్చు అంటున్నాను.

చదివేది ఒకరు, అవసరం పడేది ఇంకొకరికి

కాన్పు సమయంలోనూ తర్వాతా వచ్చే ప్రమాదాలను ఒక్కొక్కటే తీసుకుని చూడండి. రక్తం ఎక్కువగా పోతుంటే కళ్లు తిరుగుతాయి, నీరసంతో మాట పెగలదు, ఏం జరుగుతోందో సరిగ్గా అర్థం కాదు. బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్తే స్పృహే ఉండదు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకితే మనిషి మత్తుగా, అయోమయంగా పడి ఉంటుంది. డిప్రెషన్ వస్తే 'నాకేదో జబ్బు చేసింది' అనిపించదు, 'నేను తల్లిగా పనికిరాను' అనిపిస్తుంది. వీటిలో ఏది వచ్చినా ముందు దెబ్బతినేది, దాన్ని గుర్తుపట్టాల్సిన బుర్రే. అలాంటప్పుడు గుర్తుపట్టే బాధ్యత మొత్తం ఆ బుర్రకే అప్పగించడం ఏం తెలివి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 2,60,000 మంది స్త్రీలు గర్భంతోనో కాన్పుతోనో ముడిపడ్డ కారణాలతో చనిపోయారు. రోజుకు 700 మందికి పైనే. రక్తస్రావం, బీపీ, ఈ రెండే అందులో పెద్ద కారణాలు. 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ చావుల వెనక మూడు ఆలస్యాలున్నాయని రాశారు. ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, వెళ్లి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ముప్ఫై ఏళ్లు దాటినా వైద్యులు ఇప్పటికీ ఈ లెక్కే చెబుతారు. రెండో ఆలస్యం తగ్గాలంటే రోడ్లు, అంబులెన్సులు కావాలి. మూడోదానికి డాక్టర్లు, మందులు, రక్తం కావాలి. మొదటిది తగ్గాలంటే మాత్రం గదిలో ఉన్న ఒక్క మనిషికి "ఇది మామూలుగా లేదే" అని తట్టాలి, అంతే. మనం గాలికి వదిలేసింది దాన్నే.

"ఆస్పత్రిలో ఉన్నంతసేపూ నర్సులు చూసుకుంటారుగా" అంటారు. చూసుకుంటారు. కానీ రోజూ కాన్పులు చేసేవాళ్లకే కంటితో చూసి రక్తం ఎంత పోయిందో చెప్పడం కష్టం. 2023లో ప్రచురించిన ఇ-మోటివ్ అనే పెద్ద అధ్యయనం నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆస్పత్రుల్లో, రెండు లక్షలకు పైగా కాన్పుల మీద జరిగింది. కాన్పవగానే తల్లి కింద కొలతల గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు. రక్తం అందులోకి దిగుతుంది, గీత చూస్తే ఎంత పోయిందో తెలిసిపోతుంది. గీత దాటగానే చేయాల్సిన చికిత్సలన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా ఒకేసారి మొదలుపెట్టారు. ఇలా చేసిన చోట 93 శాతం రక్తస్రావాలు గుర్తించగలిగారు, ఎప్పటిలా కంటి అంచనాతో నడిచిన చోట 51 శాతమే. ప్రాణాల మీదికి వచ్చే కేసులు 60 శాతం తగ్గాయి. అందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. శిక్షణ ఉన్న కళ్లే సగం కేసులు పోల్చుకోలేకపోతుంటే, వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్న మనిషికి తన కింద ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

ఇంకో చిన్న మాట. డాక్టరు రాసిచ్చిన తేదీన పుట్టే పిల్లలు నూటికి ఐదుగురికి మించరు. పది మందిలో ఒకరు 37 వారాలు నిండకుండానే పుట్టేస్తారు. "ఇంకా టైముందిలే, తర్వాత చదువుకుంటా" అనే భర్తలు ఇది కాస్త గుర్తుపెట్టుకుంటే మంచిది.

మా చెల్లెలి తలనొప్పి

మా చెల్లెలు కాన్పయి ఇంటికొచ్చిన వారంలోనే తలనొప్పి మొదలైంది. ఇంటినిండా జనం. బిడ్డను చేతులు మార్చుకుంటున్నారు, ఫోటోలు తీస్తున్నారు, ముక్కు ఎవరిదో తేలుస్తున్నారు. చెల్లెలు మంచం అంచున కూర్చుని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ లైటు ఆపండి కాస్త" అంది. ఫోటో సరిగ్గా రాదని ఎవరో వద్దన్నారు. "రాత్రంతా నిద్ర లేకపోతే తలనొప్పి రాదా ఏంటి, పడుకుంటే అదే పోతుంది" అంది వాళ్ల అత్తగారు. ఆ మాటలో తప్పేం లేదు. నిజంగానే నిద్ర లేదు. పచ్చి బాలింతకు ఏ నొప్పి వచ్చినా చెప్పడానికి ఒక మామూలు కారణం సిద్ధంగా ఉంటుంది. చిక్కంతా అక్కడే.

బీపీ చూద్దామన్నది వాళ్ల మరిది. కాలేజీ కుర్రాడు. కాన్పు గురించి ఒక్క ముక్క చదివినవాడు కాదు. వాళ్ల నాన్నకు బీపీ ఉంది, రోజూ పొద్దున్నే మిషన్ పెట్టి నోటుబుక్కులో రాయడం వీడి డ్యూటీ. నాన్నకు తలనొప్పి అంటే వెంటనే బీపీ చూడడం అలవాటు కాబట్టి వదినకూ చూద్దామన్నాడు, అంతే. 168/112 వచ్చింది. వదిన నవ్వి "మీ మిషన్ పాడైందిరా" అంది. కాసేపాగి రెండో చేతికి పెట్టి చూస్తే ఇంకాస్త ఎక్కువే చూపించింది. గంటలోపే మళ్లీ ఆస్పత్రిలో ఉంది. డ్రిప్ పెట్టి మందులెక్కించి, బీపీ దిగేదాకా ఇంటికి పంపలేదు.

కడుపుతో ఉన్నన్నాళ్లూ దానికి బీపీ ఒక్కసారి కూడా పెరగలేదు. కాన్పయ్యాక కూడా, ఆరు వారాల వరకు, ఇలా కొత్తగా రావచ్చు. అసలు కాన్పు తర్వాత బీపీ ఎక్కువగా పెరిగేది మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్య. సరిగ్గా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, అందరి చూపూ బిడ్డ మీదికి మళ్లిన రోజులు. 160/110 దాటితే అది ఎమర్జెన్సీ, "రేపు పొద్దున చూద్దాం" అనడానికి లేదు. ఫిట్స్ రాకుండా ఆపడానికి మెగ్నీషియం సల్ఫేట్ అనే పాత మందుంది. 2002లో వచ్చిన మాగ్‌పై అధ్యయనం, పది వేలకు పైగా స్త్రీల మీద, ఆ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. మందు ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. దాని దాకా మనిషిని తీసుకెళ్లేవాళ్లుండాలి.

ఇంకా అసలు సంగతి చెప్పలేదు. తర్వాత చెల్లెలి సామాన్లు సర్దుతుంటే అది చదువుకున్న పుస్తకం దొరికింది. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి డొక్క పైన నొప్పి, మొహం వాపు ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లమని ఉన్న పేరా కింద పెన్సిల్ గీత గీసి ఉంది. దాని చేతి గీతే. "మరి తెలిసి కూడా?" అని అడిగితే, "అది కడుపుతో ఉన్నప్పుడు వచ్చేదనుకున్నానక్కా. కాన్పయిపోయింది కదా, ఇక గండం గడిచిందనుకున్నా" అంది. ఎంత శ్రద్ధగా చదివినా ఇంతే. నిద్రలేక, కుట్లు లాగుతూ, పాలు పడుతున్నాయో లేదో అని టెన్షన్ పడుతూ ఉన్న మనిషికి పెన్సిల్ గీతలు గుర్తుండవు.

చెప్పినా వినకపోతే

"ఆడవాళ్లకు వాళ్ల ఒళ్లు వాళ్లకు తెలుస్తుంది, వాళ్లే చెబుతారు" అనే వాదన ఒకటుంది. నిజమే, చాలాసార్లు తెలుస్తుంది. చెబుతారు కూడా. వినిపించుకునే చెవి ఉందా లేదా అన్నదే ప్రశ్న. టెన్నిస్ తార సెరీనా విలియమ్స్‌కు 2017లో ఆపరేషన్‌తో పాప పుట్టింది. మర్నాడే ఊపిరందలేదు. గతంలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన అనుభవం ఉంది కాబట్టి ఆమెకు విషయం అర్థమైపోయింది. సీటీ స్కాన్ తీయండి, రక్తం పలచబరిచే మందు పెట్టండి అని తనే చెప్పింది. నొప్పి మందుల మత్తులో మాట్లాడుతోందేమో అనుకుంది నర్సు. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు ఉండనే ఉన్నాయి. డబ్బు, పేరు, తన ఒంటి గురించి పూర్తి అవగాహన, అన్నీ ఉన్న మనిషి కూడా చెప్పిందే చెప్పాల్సి వచ్చింది. మామూలు మనిషి ఒకసారి చెప్పి, "ఏం కాదులే" అంటే ఊరుకుంటుంది. రెండోసారి చెప్పే గొంతు పక్కవాళ్లది కావాలి.

అలా చెప్పాలంటే పక్కవాళ్లకు ఏం తెలిసి ఉండాలి? నిజానికి పెద్ద చదువేం కాదు, ఒక సాయంత్రం చాలు. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా ఆగకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, స్రావం దుర్వాసన వస్తున్నా పాల జ్వరమని సరిపెట్టుకోకూడదు. ఒక్క కాలే వాచి పిక్కలో నొప్పిగా ఉంటే, అది నడకలేక వచ్చిన తిమ్మిరి కాకపోవచ్చు. కాన్పు తర్వాతి ఆరు వారాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు రోజుల కంటే చాలా ఎక్కువ. ఆయాసం, ఛాతీ నొప్పి, చూపు మసక, తగ్గని తలనొప్పి, వీటిలో దేనికీ ఇంటి వైద్యం లేదు. వెళ్లిన చోట "ఈమెకు కాన్పయి ఇన్ని రోజులైంది" అని మొదటి మాటగా చెప్పాలి. ఎమర్జెన్సీలో కూర్చున్న డాక్టరుకు ఆ మనిషి బాలింత అని చూడగానే తెలియాలనేం లేదు.

మనసు సంగతి వీటన్నిటికంటే కష్టం. మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా ఆమెకు నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది వేరే. దీన్ని కనిపెట్టడానికి 1987 నుంచీ ఎడిన్‌బరో స్కేల్ అనే పది ప్రశ్నల పత్రం ఉంది, నింపడానికి ఐదు నిమిషాలు. కానీ "ఎలా ఉన్నావ్?" అంటే "బాగానే ఉన్నా" అనే జవాబే వస్తుంది. ఎందుకంటే చుట్టూ అందరూ సంతోషంగా ఉన్నప్పుడు బాగాలేనని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఇంకా తీవ్రంగా, లేనివి కనిపించడం, వినిపించడం దాకా వెళ్తుంది. అది ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బు. అప్పుడు ఆమె తనంతట తను వెళ్లదు. "నాకేం జబ్బు, మీకే జబ్బు" అంటుంది.

తెలివి కాస్తా పెత్తనమైతే?

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే ఒక అనుమానం వచ్చింది. ఒళ్లు ఆమెది, కాన్పు ఆమెది. పక్కవాళ్లకు జ్ఞానం పంచండి అంటే, ఇప్పటికే అన్నీ తామే నిర్ణయించే ఇళ్లలో ఇంకో ఆయుధం చేతికిచ్చినట్టు కాదా?

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. నా స్నేహితురాలొకామె భర్తతో కలిసి క్లాసులకు వెళ్లింది. అతను నోట్సు రాసుకునేవాడు, సందేహాలడిగేవాడు, టీచరుకు ముద్దుల విద్యార్థి. తీరా నొప్పులు పట్టాక ఫోన్లో టైమర్ పెట్టుకుని "నాలుగు లెక్కపెట్టి పీల్చు, ఆరు లెక్కపెట్టి వదులు" అంటూ తల దగ్గర నిలబడ్డాడు. ఇక తట్టుకోలేక ఆమె నొప్పి తెలియకుండా ఇచ్చే ఇంజెక్షన్ కావాలంటే, "వద్దని ముందే అనుకున్నాం కదా, ఇంకొంచెం ఓర్చుకో" అన్నాడు. నర్సు ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడింది. "ఆ టైమర్ తీసుకుని విసిరేద్దామనిపించింది" అని ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది గానీ, అప్పుడు నవ్వలేదు.

అతను నేర్చుకున్నది ఎక్కువై వచ్చిన తంటా కాదిది, నేర్చుకున్నదే వేరు. కాన్పు ఎలా జరగాలో నేర్చుకున్నాడు, ఆమె మనసు మారితే ఏం చేయాలో నేర్చుకోలేదు. పక్కనున్న మనిషి పని రెండే. ప్రమాదం గుర్తుపట్టి గట్టిగా చెప్పడం ఒకటి. ఆమె ఇప్పుడేమంటోందో అది డాక్టరు చెవిన పడేలా చూడడం ఇంకొకటి. నెల కిందట ఆమె ఏమనుకుందో గుర్తుచేయడం ఆ పనిలో భాగం కాదు. ఒళ్లు ఎవరిదో వాళ్లే నిర్ణయించాలి, నొప్పి మధ్యలో మనసు మార్చుకునే హక్కుతో సహా.

కాన్పు సమయంలో ఒక మనిషి వదలకుండా తోడుండడం మీద 2017లో కాక్రేన్ సమీక్ష వచ్చింది. ఒక విషయం మీద జరిగిన వైద్య అధ్యయనాలన్నీ కలిపి తూచి చెప్పే సంస్థ అది. 26 అధ్యయనాలు, 15 వేలకు పైగా స్త్రీలు. తోడున్నవాళ్లకు కాన్పు కొంచెం త్వరగా అయింది, ఆపరేషన్లు తగ్గాయి, ఆ అనుభవం చేదుగా మిగలడం తగ్గింది. నా వాదనకు ఇది బ్రహ్మాండంగా పనికొస్తుందని సంబరపడి లోపలికి చదివితే, ఆపరేషన్లు తగ్గింది ముఖ్యంగా డూలాలు, అంటే కాన్పులో తోడుండడమే పనిగా శిక్షణ పొందినవాళ్లు ఉన్నచోట. ఇంట్లోవాళ్లు తోడున్నప్పుడు ఆపరేషన్ల లెక్క పెద్దగా మారలేదు, కానీ ఆమెకు ఆ అనుభవం మెరుగ్గా అనిపించింది. కాబట్టి భర్త పక్కన నిలబడితే చాలు, నార్మల్ అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నిలబడడం వేరు, తెలిసి నిలబడడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తోడు ఉండాలని ఊరుకోలేదు, ఆమె కోరుకున్న మనిషి తోడుండాలంది. అది భర్తే కానక్కర్లేదు, అమ్మో అత్తో కానక్కర్లేదు. ఎవరిముందైతే ఆమె అరవగలదో, ఏడవగలదో ఆ మనిషి.

ఇంకో అభ్యంతరం, ఇవన్నీ చెబితే ఇంటిల్లిపాదీ భయపడి చీటికీ మాటికీ ఆస్పత్రికి పరిగెడతారని. పరిగెడతారు, ఒకటి రెండుసార్లు అనవసరంగా వెళ్తారు. ఆస్పత్రిలో ఎవరైనా విసుక్కోవచ్చు కూడా. విసుక్కోనివ్వండి. బాలింతను తీసుకెళ్లి ఏమీ లేదనిపించుకుని తిరిగి రావడం చాలా మంచి వార్త.

ఆరు వారాలు దాటాక

నలభై రోజుల తర్వాత అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. బిడ్డ టీకాల తేదీలు ఇంట్లో అందరికీ నోటికొస్తాయి. తల్లి పరీక్షల తేదీ అడిగితే ఒక్కరికీ తెలియదు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు కాన్పవగానే అది సాధారణంగా తగ్గిపోతుంది, దాంతో విషయం అక్కడితో సరి అనుకుంటారు. నిజానికి 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ గ్లూకోజ్ తాగించి పరీక్ష చేయించాలి, ఆ తర్వాత కూడా జీవితాంతం అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలి. ఇలాంటి స్త్రీలకు ముందుముందు మామూలు షుగర్ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు. గర్భంలో బీపీ పెరిగి ప్రీ-ఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాత గుండె జబ్బుల ముప్పు దాదాపు రెట్టింపు. అంటే గర్భం ఆ తొమ్మిది నెలలతో అయిపోయే కథ కాదు, ఇరవై ఏళ్ల తర్వాత రాబోయే జబ్బును ముందే చూపించిపోతుంది. ఆ చూపించిన కాగితాలు మాత్రం ఏ అటక మీదో ఉంటాయి. యాభై ఏళ్ల వయసులో ఛాతీ నొప్పితో వెళ్తే "మీ కాన్పుల్లో బీపీ వచ్చిందా?" అని అడిగే డాక్టరు దొరకడం అదృష్టం. అడిగితే జవాబు గుర్తుండడం ఇంకో అదృష్టం. ఇల్లు తాలూకు కాగితాలు, బండి తాలూకు కాగితాలు జాగ్రత్తగా ఫైల్లో పెట్టే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఈ కాగితాలూ ఆ ఫైల్లోకే వెళ్లాలి.

ఇక ఎవరూ మాట్లాడని సంగతి. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడడం. కాన్పయిన కొత్తలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఉంటుంది. "పిల్లల్ని కన్నాక అంతే" అని అమ్మలు కూతుళ్లకు చెబుతారు, కూతుళ్లు సర్దుకుని బస్సు ప్రయాణాలు తగ్గించుకుంటారు, గట్టిగా నవ్వడం తగ్గించుకుంటారు. అంతే ఏమీ కాదు. కటి కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామాలను అమెరికన్ డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశాడు. గర్భంతో ఉన్నప్పటి నుంచే చేస్తే ఈ సమస్య రాకుండా కొంత ఆపొచ్చు, వచ్చాక చేసినా చాలామందికి తగ్గుతుంది. పరికరాలు అక్కర్లేదు. కానీ రోజూ కొంత సమయం, అదీ నెలల తరబడి కావాలి. ఆ కాసేపూ ఏడ్చే బిడ్డను ఎవరెత్తుకుంటారు? ఆమె చేయాల్సిన వ్యాయామం అనుకుంటాం గానీ, ఇది కూడా పక్కవాళ్ల చేతిలోనే ఉంది. ఐరన్ మాత్రలూ అంతే. కాన్పు తర్వాత కూడా 6 నుంచి 12 వారాలు వేసుకోమంటారు, కాన్పవగానే డబ్బా ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తుండదు.

పక్కన ఎవరూ లేకపోతే

నా వాదనలో నాకే కనబడే పెద్ద లోటు ఇది. అందరికీ చెల్లెలి మరిది లాంటివాడు దొరకడు. ఒంటరిగా ఉండేవాళ్లున్నారు, భర్త వేరే దేశంలో ఉన్నవాళ్లున్నారు, పక్కన మనుషులుండీ లేనట్టే ఉన్నవాళ్లున్నారు. అందుకే ఈ పని పూర్తిగా కుటుంబం మీదికి నెట్టేయడానికి లేదు. కాన్పయ్యాక ఆరు వారాల్లోపు, ఆస్పత్రి నుంచి వచ్చేశాక, కనీసం మూడుసార్లు ఆరోగ్య కార్యకర్త తల్లినీ బిడ్డనూ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది: 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి. మొదటి రెండూ సరిగ్గా జరగని చోట్లున్నాయి. బీపీ పెరిగేదీ, ఇన్ఫెక్షన్ బయటపడేదీ సరిగ్గా ఆ రెండిటి కాలంలోనే.

డిశ్చార్జి చేసేటప్పుడు చెబుతారుగా అంటారా? చెబుతారు. అందరూ బిల్లు దగ్గరో, బిడ్డకు బట్టలు తొడగడంలోనో ఉన్నప్పుడు, మందుల చీటీతో పాటు గబగబా చెబుతారు. రాత్రంతా నిద్రలేని తల్లి తలూపుతుంది. చెప్పాక, పక్కన వచ్చిన మనిషిని "ఏమేం కనిపిస్తే తీసుకొస్తారో మీరు నాకు తిరిగి చెప్పండి" అని ఒక్క ప్రశ్న అడిగితే ఎవరికి ఎంత ఎక్కిందో అక్కడే తేలిపోతుంది. రెండు నిమిషాల పని. ఇది చేసిన నర్సును నేనింతవరకు ఒక్కరినే చూశాను.

మా స్నేహితురాళ్లలో ఒకామె బిడ్డతో ఒంటరిగా ఉండాల్సి వచ్చినప్పుడు మేం నలుగురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. రోజూ సాయంత్రం ఒకరు ఫోన్ చేయాలి. "ఎలా ఉన్నావ్?" అని అడగకూడదు. పొద్దుట్నుంచి ఎన్ని ప్యాడ్లు మార్చావు, జ్వరం ఎంతుంది, థర్మామీటరు పెట్టి చూసి చెప్పు, తలనొప్పి ఉందా, రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయా, నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు. మొదట్లో "పోలీసుల ఎంక్వయిరీలా ఉందే" అని నవ్వింది. రెండో వారంలో ఒకరోజు "కొంచెం ఒళ్లు నొప్పులు, అంతే" అంటూనే థర్మామీటరు పెట్టుకుంది. 102. ఎడమ రొమ్ము ఎర్రబడి గట్టిగా ఉంది, ముట్టుకోనివ్వడం లేదు. అలసటలే అనుకుని పడుకోబోతున్న మనిషిని ఆ రాత్రే తీసుకెళ్తే, పాలు నిలిచిపోయి ఇన్ఫెక్షన్ అయిందని యాంటీబయాటిక్స్ ఇచ్చారు, ఆ వైపు పాలు ఇవ్వడం మానొద్దన్నారు. ఇప్పుడు మా గుంపులోనే ఇంకొకామెకు ఏడో నెల. ఆ ప్రశ్నలు ఎవరి ఫోన్లో ఉన్నాయని నిన్ననే వెతుక్కున్నాం. ఈసారి వాటికి బీపీ కూడా కలిపాం, మిషన్ ఎవరింటి నుంచి తేవాలో ఇంకా తేలలేదు.